కొలబద్ద ఒకటే... పిల్లలు ఒకటేనా?

"పక్కింటి పిల్ల గడగడా చదివేస్తోంది, మనది ఇంకా కూడబలుక్కుంటోంది." చాలా ఇళ్లలో తల్లుల బెంగ ఇది. 'ఉండాల్సిన స్థాయి కంటే వెనక' అని బడి నుంచి కార్డు వస్తే ఆ బెంగ రెట్టింపవుతుంది. "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నట్టు?" అని మాటలు పడేదీ అమ్మే. అసలు ఆ 'స్థాయి' ఎలా పుట్టిందని మాత్రం ఎవరూ అడగరు.

2021లో కేంద్రం మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' సంగతే చూడండి. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది అందులో ఒక లక్ష్యం. బాగానే ఉంది. కానీ ఏ భాషలో? 'రాలేకపోయాను' తెలుగులో ఒక్క మాట. హిందీలో 'మై నహీ ఆ సకా' అని నాలుగు మాటలు. మాటలు లెక్కపెడితే తెలుగు చదివే పిల్ల నెమ్మదిగా చదువుతున్నట్టే కనిపిస్తుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లల్ని పరిశీలించినప్పుడు ఏ భాషకు ఆ భాషకే ప్రమాణాలు పెట్టింది. భాషల మధ్య తేడాను ఒప్పుకున్నప్పుడు పిల్లల మధ్య తేడాను ఎందుకు ఒప్పుకోం? ఇంట్లో కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్ల బళ్లో అక్షరాలతో పాటు తెలుగునూ నేర్చుకోవాలి కదా!

అలాగని కొలతలే వద్దని కాదు. 2024 డిసెంబరులో 3, 6, 9 తరగతుల పిల్లలకు జాతీయ సర్వే జరిగింది. ఏ జిల్లా బళ్లకు ఏ సాయం కావాలో తెలియడానికి అలాంటివి అవసరమే. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తెలివి పరీక్ష తయారుచేసిందీ సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికే. తర్వాత అమెరికాలో అదే పిల్లల మీద ముద్ర వేసే సాధనమైంది. చిక్కంతా అక్కడే.

ఇప్పుడీ మాట ఎందుకంటారా? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు ఎనిమిది దాకా ఎవర్నీ అదే తరగతిలో ఆపకూడదంది. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో తప్పినవారికి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టి, అప్పుడూ తప్పితే ఆపే వీలు రాష్ట్రాలకు వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్లలో దీన్ని అమల్లోకి తెచ్చింది. ఎనిమిది పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని చట్టం చెబుతూనే ఉంది. కానీ తప్పింది ఆడపిల్లయితే "దీనికి చదువు అబ్బలేదు, ఇంటిపని నేర్చుకోనీ" అనే పెద్దలు మనలో లేరా? తీసేసేది బడి కాదు, ఇల్లే.

ఈసారి టీచర్ని కలిసినప్పుడు "ఎన్నో ర్యాంకు?" అని అడక్కండి. మూడు నెలల కిందట రానిది ఇప్పుడేం వచ్చింది, ఎక్కడ ఆగిపోతోంది, అందుకు బళ్లో ఏం చేస్తున్నారు అని అడగండి. పిల్లను పోల్చాల్సింది పక్కింటి పిల్లతో కాదు, నిన్నటి తనతోనే.