ధరల సూచీని నమ్మవచ్చా?

చింతామణి తాలూకా బట్లహళ్ళిలో ఒక కుటుంబం రాగులూ, టమోటాలూ మాత్రమే కొంటుందనుకుందాం. పోయినేడు రెండూ కిలో 20 రూపాయలే. ఈ ఏడు రాగులు 40కి ఎక్కాయి, టమోటాలు 10కి దిగాయి. మొత్తమ్మీద ధరలు పెరిగినట్టా, తగ్గినట్టా?

పోయినేటిని 100 అనుకుంటే రాగులు 200, టమోటాలు 50. సగటు 125. అంటే ధరలు నూటికి 25 పెరిగాయన్నమాట. ఇప్పుడు తిరగేసి ఈ ఏటిని 100 అనుకుందాం. పోయినేడు రాగులు 50, టమోటాలు 200. సగటు మళ్ళీ 125! చింతామణికి పోయేటప్పుడూ ఎగువే, తిరిగి వచ్చేటప్పుడూ ఎగువే అన్నట్టుంది కదూ!

ఈ లోపాన్ని పట్టేదే కాల విపర్యయ పరీక్ష. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1922లో వెలువరించిన గ్రంథంలో ఎన్నో సూత్రాలను ఇలాంటి పరీక్షలకు పెట్టాడు. 200నూ 50నీ కూడే బదులు గుణించి వర్గమూలం తీస్తే, ఎటు నుంచి లెక్కించినా 100 వస్తుంది.

అయినా చిక్కు తీరలేదు. సంగటి తినే కూలివారింట్లో రాగులు 10 కిలోలు, టమోటాలు 2 కిలోలు కొంటే, 240 రూపాయల ఖర్చు 420 అవుతుంది. సూచీ 175. మరో ఇంట్లో రాగులు 2, టమోటాలు 10 కిలోలైతే 240 కాస్తా 180. సూచీ 75. ధరలు అవే, ఇళ్ళు వేరు! అందుకే ప్రతి సరుకుకీ ఖర్చును బట్టి 'భారం' ఇస్తారు.

పాత కొనుగోళ్ళతో లెక్కించేది లాస్పియర్ పద్ధతి (1871), కొత్తవాటితో లెక్కించేది పాషే పద్ధతి (1874). రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే ఫిషర్ సూచీ పరీక్షలో నెగ్గుతుంది. కానీ నెలనెలా ఇంటింటి కొనుగోళ్ళు సేకరించడం సాధ్యమా? అందుకే ప్రభుత్వాలు ఎక్కువగా లాస్పియర్ బాటనే పడతాయి. భారాలు పాతబడ్డాక ఆధార సంవత్సరం మారుస్తాయి.

కేంద్ర ఉద్యోగుల, పెన్షనుదారుల డి.ఎ.కు ఆధారమైన పారిశ్రామిక కార్మికుల సూచీకి 2020లో అలాగే మార్పు జరిగింది. ఆధారం 2001 నుంచి 2016కి మారగా, ఆహార పానీయాల భారం నూటికి 46 నుంచి 39కి తగ్గింది. సంపాదనలో సగం పైగా తిండికే పోయే ఇంటికి ఆ సూచీ ఎలా సరిపోతుంది?

ఈ నెల అంగడి చీటీ దాచిపెట్టండి. వచ్చే ఏడు అవే సరుకులు, అంతే కొలతకు ధర కట్టి, పాత మొత్తంతో భాగించి 100తో గుణించండి. అదే మీ ఇంటి సూచీ. పత్రికలో వచ్చిన అంకె పక్కన పెట్టి చూడండి.