మలుగును తగ్గించింది ఎవరు? ఆపమంటున్నది ఎవరిని?

"జీవజాతి అంతరించిపోతోంది, వేట ఆపండి" అనే మాట వినగానే మనమందరం తల ఊపుతాం. నేనూ ఊపుతాను. కానీ ఆ మాట ఎవరితో అంటున్నారో కూడా చూడాలి కదా! కెనడా తూర్పు తీరంలో ఉండే మిక్‌మాక్ అనే మూలవాసులతో ఈ మాట అనడం అన్యాయమని నా వాదన. అక్కడ మలుగు చేప తగ్గిపోయిన మాట నిజమే. తగ్గించినవాళ్లు ఒకరు, వదులుకోమని చెప్తున్నది ఇంకొకరికి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

ముందు మలుగు గురించి చెప్తాను. పెద్దవాళ్లు దీన్ని మలుగుపాము అంటారు గానీ ఇది పాము కాదు. పాములా పొడుగ్గా, జారుడుగా ఉండే చేప. మన దేశపు నదుల్లోనూ మలుగులున్నాయి, నేను రాస్తున్నది మాత్రం అమెరికా మలుగు గురించి. పులస మనకు తెలుసు కదా, సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. మలుగుది దానికి తలకిందుల దారి. నదుల్లో, సరస్సుల్లో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. అట్లాంటిక్ మహాసముద్రంలో సర్గాసో సముద్రం అనే చోట పుట్టి, ఆకులాంటి పల్చని పిల్లగా నెలల తరబడి ప్రవాహాల్లో కొట్టుకొస్తుంది. తీరం చేరేసరికి ఒళ్లు గాజులా మారుతుంది, అందుకే ఆ పిల్లల్ని గాజు మలుగులు అంటారు. తర్వాత నదిలోకి వచ్చి పది, ఇరవై ఏళ్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కాలం పెరుగుతుంది. చివరికి వెండి రంగుకు మారి, వేల కిలోమీటర్లు వెనక్కి ఈది, జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా మలుగులన్నీ ఒకే సంతతి అని శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక నదిలో పెరిగిన తల్లికి పుట్టిన పిల్లలు ఏ నదికైనా చేరొచ్చు. అంటే ఎక్కడో ఒక నదిలో తల్లులు చనిపోతే, వేరే తీరంలో వల వేసినవాడికి కూడా పిల్లలు తగ్గుతాయి.

మిక్‌మాక్ ప్రజలు ఈ చేపను 'కాత్' అంటారు. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం ప్రాంతాల్లో వాళ్లు ఎన్నో తరాలుగా ఉంటున్నారు. చలికాలంలో నీళ్లు గడ్డకడితే, మంచులో రంధ్రం చేసి, బురదలో పడుకున్న మలుగును ఈటెతో పొడిచి పట్టేవాళ్లు. వేరే తిండి దొరకని రోజుల్లో అదే ఇంటిల్లిపాదికీ ఆధారం. దాని చర్మం కూడా పారేయరు. బెణికిన కాలికో చేతికో చుడితే అది ఎండేకొద్దీ బిగిసి కట్టులా పనిచేస్తుంది. వస్తువుల్ని కట్టడానికి తాడుగానూ వాడేవాళ్లు. పట్టిన చేపల్ని ముసలివాళ్లకు పంచిపెట్టడం ఆచారం. వాళ్ల భాషలో 'నెటుకులిమ్క్' అని ఒక మాట ఉంది. ప్రకృతి ఇచ్చింది తీసుకో, రేపటివాళ్లకు లేకుండా చేయకు అని దాని భావం.

మరి మలుగు ఎందుకు తగ్గింది? కెనడా, అమెరికా సరిహద్దులో సెయింట్ లారెన్స్ నది మీద 1950ల చివర్లో మోసెస్-సాండర్స్ అనే పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట కట్టారు. మలుగులు ఎక్కడానికి అక్కడ నిచ్చెనలాంటి దారి పెట్టింది 1974లో! 1980ల మొదట్లో ఆ దారి గుండా ఏడాదికి లక్షల్లో పిల్ల మలుగులు పైకి పోయేవి. 1990లు ముగిసేసరికి ఆ లెక్క వేలల్లోకి పడిపోయింది. పైనున్న ఒంటారియో సరస్సులో పెరిగేవి దాదాపు అన్నీ ఆడ మలుగులే, అందులోనూ బాగా పెద్దవి, ఎక్కువ గుడ్లు పెట్టేవి. అవి సముద్రానికి దిగివచ్చేటప్పుడు టర్బైన్ల రెక్కలకు తగిలి ఎన్నో చనిపోతాయి. అక్కడ ఈటె పట్టిన మిక్‌మాక్ మనిషి ఒక్కడూ లేడు.

రెండో కారణం డబ్బు. మలుగును చెరువుల్లో గుడ్ల దశ నుంచి వ్యాపారానికి సరిపడేలా పెంచడం ఇంకా సాధ్యం కాలేదు. అందుకే ఆసియాలోని పెంపకం చెరువులకు గాజు మలుగుల్ని పట్టి పంపుతారు. 2022లో కిలో ధర 5,000 కెనడా డాలర్ల దాకా పోయింది, అంటే మన లెక్కలో సుమారు 3 లక్షల రూపాయలు! ఒక్క కిలోలో వేల పిల్లలుంటాయి. ఈ వ్యాపారం ఏళ్ల తరబడి కొద్దిమంది లైసెన్సుదారుల చేతుల్లోనే ఉండేది. 2012లో కెనడా శాస్త్రవేత్తల సంఘం ఈ మలుగు ముప్పులో ఉందని ప్రకటించింది. ఆ తర్వాత పదేళ్లు గడిచినా ప్రభుత్వం దాన్ని రక్షిత జాతుల చట్టం జాబితాలోకి ఎక్కించలేదు.

కానీ ఒక మిక్‌మాక్ మనిషిని పట్టుకోవడానికి మాత్రం ఆలస్యం కాలేదు. 1993 ఆగస్టులో డొనాల్డ్ మార్షల్ జూనియర్ అనే ఆయన నోవా స్కోషియాలోని పామ్‌క్వెట్ రేవులో 463 పౌండ్ల మలుగుల్ని పట్టి, 787 డాలర్ల 10 సెంట్లకు అమ్మాడు. లైసెన్సు లేదని, సీజన్ కాదని కేసు పెట్టారు. అంతకుముందే ఈయన చేయని హత్యకు 11 ఏళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు. ఆ కేసులో అరెస్టయినప్పుడు ఆయన వయసు 17, అంటే నాకంటే రెండేళ్లే పెద్ద. మలుగు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1760, 61లో బ్రిటిష్‌వాళ్లు మిక్‌మాక్‌లతో చేసుకున్న ఒప్పందాలు ఇంకా చెల్లుతాయని, సాధారణ జీవనం గడవడానికి చేపలు పట్టి అమ్ముకునే హక్కు వాళ్లకు ఉందని 1999 సెప్టెంబర్ 17న తీర్పు వచ్చింది. రెండు వందల ఏళ్ల నాటి మాటను నిలబెట్టడానికి ఆరేళ్ల కోర్టు పోరాటం కావాల్సి వచ్చింది.

మా క్లాసులో దీని మీద చర్చ జరిగినప్పుడు కొందరు ఒక ప్రశ్న వేశారు. "తనను పట్టింది ఎవరో చేపకు తెలుస్తుందా? ఎవరు పట్టినా చేప చచ్చినట్టే కదా?" మంచి ప్రశ్నే. కానీ చేపకు తెలియకపోయినా నియమం రాసే మనిషికి తెలియాలి. ఆనకట్ట దగ్గర పోయే తల్లుల్ని లెక్కలో వేయకుండా, ఇంటి కూర కోసం పట్టేవాడిని ముందు ఆపితే మలుగు పెరగదు. ఇంకో ప్రశ్న: "మిక్‌మాక్‌లు కూడా ఇప్పుడు గాజు మలుగుల్ని పట్టి అమ్ముతున్నారు కదా?" అవును, అమ్ముతున్నారు. అనుమతి లేని వేట, గొడవలు పెరిగాయని ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో సీజన్ మధ్యలో ఆపేసింది, 2024లో అసలు తెరవలేదు. సంరక్షణ కోసం మూలవాసుల హక్కు మీద కూడా పరిమితి పెట్టొచ్చని కోర్టే చెప్పింది, దాన్ని నేను కాదనను. కానీ 1990లో స్పారో కేసులో అదే సుప్రీంకోర్టు ఒక వరుస చెప్పింది: ముందు సంరక్షణ, ఆ వెంటనే మూలవాసుల తిండి, వ్యాపారం ఆ తర్వాతే. మలుగు విషయంలో ఆ వరుస తిరగబడింది.

తెలుగు చదువుకుంటున్న మనం ఇంకొకటి గమనించాలి. నోవా స్కోషియాలోని షుబెనకాడీ అనే చోట 1930 నుంచి 1967 దాకా ఒక ఆశ్రమ పాఠశాల ఉండేది. అక్కడ మిక్‌మాక్ పిల్లలు తమ భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. ఆ బడి మూతపడింది. కానీ మాట పోవాలంటే దాన్ని కొట్టి మాన్పించక్కర్లేదు, ఆ మాటతో చేసే పని పోయినా చాలు. తాత మంచు మీదకు తీసుకెళ్లి ఈటె పట్టడం నేర్పకపోతే, ఆ ఈటె పేరు, ఆ బురద పేరు, ఆ చేప రకాల పేర్లు మనవడికి ఎవరు చెప్తారు?

కాబట్టి నేను అడిగేవి ఇవి. మలుగులు దిగివచ్చే శరదృతువు రాత్రుల్లో టర్బైన్లు ఆపాలి, లేదా వాటికి పక్కదారి ఇవ్వాలి. పాత ఆనకట్టలన్నిటికీ నిచ్చెనలు పెట్టాలి. ఎగుమతి అయ్యే ప్రతి కిలో ఏ నదిలో పట్టిందో లెక్క ఉండాలి. ఇంటి కోసం, పెద్దల కోసం పట్టే వేటను తగ్గించాల్సి వస్తే అన్నిటికంటే చివర తగ్గించాలి. ఈ నిర్ణయాలు చేసే బల్ల దగ్గర మిక్‌మాక్‌లకు కుర్చీ ఉండాలి. 2025లో వేట తెరిచినప్పుడు గాజు మలుగుల కోటాలో సగం మూలవాసులకు ఇచ్చారు. మంచిదే, కానీ టర్బైన్లు తిరుగుతూ ఉంటే సగం ఇచ్చినా పంచుకోవడానికి ఏం మిగులుతుంది?

మన పాఠాల్లో "మితిమీరిన వేట వల్ల జీవులు అంతరిస్తున్నాయి" అని చదువుతుంటాం. ఈసారి ఆ వాక్యం వచ్చినప్పుడు చేయెత్తి "ఎవరి వేట?" అని అడగండి. టీచర్లు కోప్పడరు, నేను అడిగి చూశాను.

— పదో తరగతి విద్యార్థిని