లారీకి ఎలక్ట్రిక్ ఫ్యాన్లా? ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడండి

ఈ మధ్య నా ఫీడ్‌లో ఫోన్ అన్‌బాక్సింగ్‌ల మధ్య ఇంకో రకం వీడియోలు దూరుతున్నాయి. బండి ముందు గ్రిల్ ఊడదీస్తారు, ఇంజిన్‌తో పాటు తిరిగే పెద్ద ఫ్యాన్ పీకేస్తారు, రేడియేటర్‌కి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు బిగిస్తారు. స్విచ్ వేయగానే జుయ్యిమని తిరుగుతాయి. పవర్ పెరిగింది, మైలేజీ పెరిగింది, సౌండ్ తగ్గింది అని చెప్పి వీడియో ముగిస్తారు.

గాడ్జెట్ సైట్‌లో లారీ గోల ఎందుకు అంటారేమో. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఇళ్లలో ఏ ఫోన్ కొనాలి, ఏ రౌటర్ పెట్టాలి అని అడిగేది మనల్నే. టిప్పర్ నడిపే మామయ్యో బాబాయో ఈ వీడియో చూస్తే "ఇది మన బండికి వేయిస్తే ఎట్లుంటది రా?" అని అడిగేది కూడా మనల్నే. ఆయనకి ఆ బండి ఈఎంఐ, ఇంటి ఖర్చు రెండూ. అందుకే నా సమాధానం ముందే చెప్పేస్తా. చిన్న పికప్‌కి, సరిగ్గా వైరింగ్ చేస్తే, ఓకే. లోడు మోసే పెద్ద లారీకి, టిప్పర్‌కి మాత్రం వద్దు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెడ్డదని కాదు. దాన్ని తిప్పేంత కరెంటు ఆ బండిలో లేదు.

వీడియోల వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. ఫ్యాన్ స్పీడ్ రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది, అది తినే పవర్ మాత్రం 8 రెట్లవుతుంది. ఇంజిన్‌కి నేరుగా బిగించిన ఫ్యాన్ అయితే చలికాలం తెల్లవారుజామున, అవసరమే లేనప్పుడు కూడా, ఇంజిన్ ఎంత తిరిగితే అంత తిరుగుతుంది. పాత అంబాసిడర్లది ఇదే పద్ధతి. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు అందులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంది. పుల్లీ పక్కకి తిరిగింది, రేడియేటర్ ముందు ఉండిపోయింది. ఇక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టక తప్పలేదు. కార్లు ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి మారడంలో మైలేజీ ఎంతో, ఈ కూర్చునే పద్ధతి కూడా అంతే. లారీల్లో ఇంజిన్ ఇప్పటికీ నిలువుగానే ఉంటుంది.

ఇంకో విషయం ఆ వీడియోల్లో అసలు కనిపించదు. ఇప్పటి లారీల్లో చాలావాటికి ఫ్యాన్ నేరుగా బిగించి ఉండదు, మధ్యలో విస్కస్ కప్లింగ్ ఉంటుంది. లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్, ముందు ఒక బైమెటల్ ముక్క. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ ముక్క వంగి వాల్వ్ తెరుస్తుంది, ఆయిల్ లోపలికి వచ్చి ఫ్యాన్‌ని పట్టుకుంటుంది. చల్లబడితే వదిలేస్తుంది. కొన్ని బీఎస్-6 లారీల్లో ఈ పని కూడా ఈసీయూ చూసుకుంటుంది. చిప్పు లేని రోజుల్లోనే ఆటో మోడ్ అన్నమాట. నాకైతే ఇది చాలా ఫోన్ల కూలింగ్ సిస్టమ్ కన్నా తెలివైన డిజైన్.

ఇప్పుడు లెక్క. పూర్తి స్పీడ్‌లో 10 కిలోవాట్లు తీసుకునే ఫ్యాన్ అనుకుందాం. కప్లింగ్ వదిలేసినప్పుడు అది జారుతూ 30 శాతం స్పీడ్‌లో తిరిగితే, తినేది 10 కిలోవాట్లలో 2.7 శాతం. అంటే 270 వాట్లు, దాదాపు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ తినేంత. హైవే మీద ఎదురుగాలి ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎక్కువ సేపు జరిగేది ఇదే. కప్లింగ్ బాగున్న బండిలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి మిగిల్చేది ఈ కాస్తలోంచే. కిట్ అమ్మేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో తిరిగే ఫ్యాన్‌తో పోల్చి చెప్తారు. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి పాత బ్యాటరీని తిట్టినట్టు.

సరే, ఫ్యాన్ నిజంగా అవసరమైన టైమ్ చూద్దాం. భూపాలపల్లికి రైలు లైను లేదు, సింగరేణి బొగ్గు రోడ్డు మీదే కదలాలి. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంట్ ఉంది. మహదేవపూర్ వైపు గోదావరి ఇసుక పరకాల, హనుమకొండ, జనగామ మీదుగా హైదరాబాద్ దారి పడుతుంది. మహబూబాబాద్, కేసముద్రం నుంచి మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి వెళ్తాయి. మిర్చి సీజన్ ముదిరేది, ఎండలు ముదిరేది ఒకే టైమ్. మే నెలలో ఇటు 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు.

అలాంటి ఎండలో 250 హార్స్‌పవర్ టిప్పర్ ఫుల్ లోడుతో, చిన్న గేరులో క్వారీ ఎత్తు ఎక్కుతోంది అనుకోండి. డీజిల్‌లోని శక్తిలో సుమారు 40 శాతం చక్రాల పనికి పోతుంది, చాలావరకు సైలెన్సర్‌లోంచి పోతుంది, నాలుగో వంతు దాకా కూలెంట్ మీద పడుతుంది. నా అంచనాలో ఆ కూలెంట్ వాటా 100 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. దాన్ని బయటికి పంపాలంటే సెకనుకి 4 కిలోల దాకా గాలి రేడియేటర్ జాలిలోంచి వెళ్లాలి. బండి నెమ్మదిగా ఉంది కాబట్టి ఎదురుగాలి సాయం లేదు. జాలి, దాని ముందు ఇంటర్‌కూలర్, ఇంకా ముందు ఏసీ కండెన్సర్ దాటి అంత గాలి లాగాలంటే మోటార్లకి 5, 6 కిలోవాట్ల కరెంటు కావాలి. 6 కిలోవాట్లంటే 67 వాట్ల ఫోన్ చార్జర్లు 90 ఒకేసారి పెట్టినట్టు.

24 వోల్టుల లారీలో 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉందనుకున్నా, 28 వోల్టుల దగ్గర అది ఇచ్చేది 2.8 కిలోవాట్లు. అందులోంచే హెడ్‌లైట్లు, వైపర్లు, ఈసీయూ, బ్యాటరీ చార్జింగ్. 2025 నుంచి కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, ఆ బ్లోయర్ కూడా ఇందులోంచే. ఇంకా 200 ఆంపియర్లకి పైగా ఎక్కడ నుంచి తెస్తారు? పెద్ద ఆల్టర్నేటర్ వేయొచ్చు కదా అంటే, దాన్ని తిప్పేదీ ఇంజినే. ఆల్టర్నేటర్‌లో 40 శాతం, మోటార్‌లో 25 శాతం పోతే, ఇంజిన్ ఇచ్చిన 100 వాట్లలో ఫ్యాన్ రెక్కకి చేరేది 45. ఇంజిన్‌కే బిగించిన ఫ్యాన్‌కి, కప్లింగ్ పూర్తిగా పట్టుకున్నప్పుడు, దారిలో పోయేది చాలా తక్కువ. పైగా చిన్న గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కువ ఆర్పీఎం మీద ఉంటుంది, దాంతో ఫ్యాన్ కూడా. ఎక్కువ గాలి కావాల్సిన చోటే ఎక్కువ గాలి.

కిట్ డబ్బా మీద రాసే సీఎఫ్ఎం నంబర్‌ని కూడా నమ్మకండి. అది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు కొలిచింది. ఏసీ రూమ్‌లో ఒక్కసారి రన్ చేసిన బెంచ్‌మార్క్ స్కోరుకీ, ఎండలో గంటసేపు గేమ్ ఆడితే వచ్చే ఫ్రేమ్ రేటుకీ ఉన్నంత తేడా ఉంటుంది. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది, మనకి ఒక మ్యాచ్ పోతుంది. కొత్త లారీ ఈసీయూ కూడా పవర్ తగ్గించి కాపాడుకుంటుంది. పాత మెకానికల్ పంపు ఇంజిన్‌కి ఆ సౌకర్యం లేదు. ఒక రిలే కాలినా, ఒక ఫ్యూజ్ పోయినా హెడ్ గ్యాస్కెట్ లేచిపోతుంది, హెడ్ వంగుతుంది. బండి షెడ్డులో ఉంటే కిరాయి ఆగుతుంది, ఈఎంఐ ఆగదు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ గెలిచే చోట్లు ఉన్నాయి, కాదనను. అమెరికాలో కొన్ని సిటీ బస్సుల్లో హైడ్రాలిక్ ఫ్యాన్లు తీసేసి ఎలక్ట్రిక్‌వి పెట్టారు. అక్కడ ఇంజిన్ వెనకాల, రేడియేటర్ పక్కన, మధ్యలో ఆయిల్ పైపులు, లీకులు. అవన్నీ పోయాయి. కానీ ఆ సిస్టమ్ ఆల్టర్నేటర్‌తో సహా లెక్కగట్టి తయారుచేసింది. ఎలక్ట్రిక్ బస్సుల్లో, లారీల్లో ఎక్కువ వోల్టేజ్ బ్యాటరీ ఉంటుంది, అక్కడ ఈ గొడవే లేదు. మన దగ్గర 12 వోల్టుల చిన్న పికప్‌కి ఫ్యాన్ నేరుగా బిగించి ఉంటే, మార్చడంలో అర్థం ఉంది. అది కూడా రిలే, సరైన ఫ్యూజ్, మందమైన వైరు, టెంపరేచర్ స్విచ్, చుట్టూ ఫ్యాన్ కవర్ అన్నీ ఉంటేనే. డ్రైవర్ గుర్తుపెట్టుకుని నొక్కాల్సిన స్విచ్ అయితే వద్దు. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు పోవద్దు, క్లెయిమ్ కొట్టేయడానికి కంపెనీకి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది.

మామయ్య బండి నిజంగానే హీటెక్కుతుంటే కిట్ కన్నా ముందు జాలి చూడమని చెప్పండి. భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము, జనగామలో పత్తి నూగు, రైస్ మిల్లుల దగ్గర ఊక, ఇవన్నీ ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకుంటాయి, ముందు నుంచి చూస్తే కనిపించవు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. ముందు నుంచి గట్టిగా కొడితే ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది. తర్వాత ఇంజిన్ ఆపి, తాళం తీసి, చల్లబడ్డాక ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. కాస్త బరువుగా తిరిగి ఆగితే మంచిదే. బొంగరంలా నాలుగైదు చుట్లు తిరిగితే సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టు, కప్లింగ్ మార్చాలి. రేడియేటర్ మూత కూడా చూడండి. 1 బార్ ప్రెషర్ పట్టే మూత వల్లే నీళ్లు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రబ్బరు పోయిన మూతతో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా బండి హీటెక్కుతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఎవరైనా పెద్ద లారీకి కిట్ అంటగడితే రెండు నంబర్లు అడగండి: జాలి అడ్డం ఉన్నప్పుడు గాలి ఎంత, 28 వోల్టుల దగ్గర మొత్తం ఆంపియర్లు ఎన్ని. ఈ రెండూ రాసిచ్చి, ఫుల్ లోడుతో మే నెల మధ్యాహ్నం ఎత్తు మీద కూలెంట్ టెంపరేచర్ లాగ్ చూపిస్తే, నా లెక్క పక్కన పెట్టి మళ్లీ రివ్యూ రాస్తా.