వృద్ధుల ఆరోగ్య బీమాకు కాపలా ఎవరు?

కొలిమిగుండ్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాళ్ల గనుల్లోనో, నంద్యాల, ఆళ్లగడ్డ బజార్లలోని చిన్న వ్యాపారాల్లోనో జీవితమంతా శ్రమించిన ముస్లిం పెద్దలకు పదవీ విరమణ తేదీ అంటూ ఉండదు. పింఛను గానీ, యజమాని కట్టే వైద్య బీమా గానీ వారిలో చాలామందికి లేదు. ముస్లిం శ్రామికుల్లో అధికులు స్వయం ఉపాధి మీద, అసంఘటిత రంగం మీద ఆధారపడి ఉన్నారని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అలాంటి ఇంట్లో అరవై దాటిన తల్లిదండ్రులకు పిల్లలు ప్రైవేటు పాలసీ తీసుకున్నారంటే, ఆ ప్రీమియం ఇంటి ఖర్చు తగ్గించుకుని కట్టిన సొమ్ము. ఆపద వేళ అది అక్కరకు వచ్చేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వాలది.

నియమాలు లేవనలేం. బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలు 65 ఏళ్ల వయోపరిమితిని తొలగించాయి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలాన్ని 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించాయి. అరవై ఏళ్లు పైబడినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఆ సంస్థ 2025 జనవరి 30న కంపెనీలను ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి తొలగిపోయింది.

ఇవి స్వాగతించదగినవే, కానీ సరిపోవు. ఏటా పది శాతం చొప్పున పెరిగితే నేటి 30,000 రూపాయల ప్రీమియం ఏడేళ్లలో 58,000 దాటుతుంది. వృద్ధుల సంపాదన అలా పెరగదు. పైగా ఈ హద్దు పెంపుకే గాని, తొలిసారి పాలసీ తీసుకునే వృద్ధునికి కంపెనీ చెప్పే ధరకు కాదు. వయోపరిమితి తలుపు తెరిచారు. గడప ఎత్తు మాత్రం కంపెనీల ఇష్టానికే వదిలేశారు. పెంపునకు సంప్రదింపుతో సరిపెట్టక, సంస్థ ముందస్తు ఆమోదాన్ని తప్పనిసరి చేయాలి. ఆమోదానికి కారణాలను ప్రజలకు వెల్లడించాలి.

బీమా కేంద్ర జాబితాలోని అంశమని రాష్ట్రం చేతులు దులుపుకోరాదు. ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి. ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణకు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. చికిత్స ధరలకు అదుపు లేనిచోట ప్రీమియానికి అదుపు నిలవదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవలో 2.5 లక్షల రూపాయల వరకు చికిత్సల భారాన్ని బీమా కంపెనీల ద్వారా నడిపే విధానానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది. అంటే పేదల తరఫున బీమా కొనేది ప్రభుత్వమే. కొనేవారికి షరతులు పెట్టే అధికారం ఉంటుంది. తిరస్కరించిన క్లెయిములెన్నో జిల్లాలవారీగా, వయసులవారీగా ప్రకటించాలని ఒప్పందంలోనే రాయాలి. తిరస్కరణ కారణాన్ని రోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించిన రాష్ట్రంలో తెలుగుతోపాటు ఉర్దూలో ఇవ్వమనడం గొంతెమ్మ కోరిక కాదు. నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో బీమా ఫిర్యాదులు రాసిపెట్టే సహాయక కేంద్రం ఉంటే కొలిమిగుండ్ల వృద్ధునికి హైదరాబాద్ దూరం కాదు.

సంప్రదాయ బీమాలోని వడ్డీ, అనిశ్చితి గురించి ఉలమాల మధ్య చర్చ ఉంది. ఆ నిర్ణయం వారిది, ఆయా కుటుంబాలది. పాలసీ తీసుకున్నవారి హక్కుల విషయంలో మాత్రం భేదాభిప్రాయానికి తావు లేదు. లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. మధుమేహం, రక్తపోటు వంటివి దరఖాస్తులో దాచకుండా రాయించండి. ఏజెంటు నింపిన కాగితాన్ని చదవకుండా సంతకం చేయకండి. పాలసీ అందాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలుంది. అయిదేళ్లు ఎడతెగకుండా ప్రీమియం కట్టినవారి క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో తోసిపుచ్చే వీలు లేదు.

క్లెయిము నిరాకరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు న్యాయంగా లేకున్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఐఆర్‌డీఏఐ సహాయవాణి 155255.

ఈ వివరాలు చాలామంది పెద్దలకు చేరలేదు. జుమా రోజున మస్జిద్ కమిటీలు, అంజుమన్‌లు వీటిని వినిపించాలి. చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు కూర్చొని మహల్లాలోని వృద్ధుల పాలసీ పత్రాలు చదివిపెట్టాలి. అన్యాయం జరిగిన ప్రతి కేసునూ రాసి ఉంచాలి. మైనారిటీ సంక్షేమం గురించి మాట్లాడే ప్రజాప్రతినిధుల ముందు ఆ చిట్టాను పెట్టి, పైన చెప్పిన షరతులు ఒప్పందంలోకి ఎప్పుడు ఎక్కుతాయో అడగాలి.