గడియారంలో గడియ



మీ ఇంట్లో ముళ్ళున్న చేతిగడియారం ఒకటి వుంటే, దాని ముఖంకేసి ఒకసారి నిదానంగా చూడండి. అంకెలో, గీతలో వున్న ఆ గుండ్రటి బిళ్ళను డయలు అంటారు. డయలు మీద ఎక్కడా మేకు కనిపించదు. మర కనిపించదు. బంక అంటించిన ఆనవాలు కూడా కనిపించదు. అయినా ఆ గడియారం చేతికి పెట్టుకుని పరుగెత్తినా, బంతి ఆడినా, గతుకుల రోడ్డు మీద బస్సులో పోయినా పన్నెండు అంకె వున్నచోటనే వుంటుంది. మరి ఆ డయలును లోపలి యంత్రానికి పట్టి వుంచేది ఏమిటి? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పాతకాలపు లోలకం గడియారాల్లో చాలావాటికి డయలు పెద్ద రేకు. దాన్ని చెక్కపెట్టెకు అంచుల దగ్గర చిన్న చిన్న మేకులతోనో మరలతోనో బిగించేవారు. పెద్ద గడియారం గనక అలా చెల్లింది. చేతిగడియారంలో ఆ పని కుదరదు. మామూలు లోహపు డయలు మందం సుమారు అర మిల్లీమీటరు. దాని మీదుగా ముళ్ళు ఒకదానిపైన ఒకటి తిరుగుతూ వుంటాయి. ఆ పైన అద్దం. వీటి మధ్య ఖాళీ బహు తక్కువ. డయలు పైకి మర తల ఒక్కటి లేచినా ముల్లు దానికి తగులుకుని ఆగిపోతుంది. అందుచేత పట్టంతా వెనకవైపునుంచే రావాలి.

డయలును తిరగేస్తే రహస్యం బయటపడుతుంది. వెనకవైపు రెండు సన్నని కడ్డీలు నిటారుగా నిలబడి వుంటాయి. వీటికి ఇంగ్లీషులో పాదాలనే పేరు. మనం డయలు కాళ్ళు అందాం. చాలా గడియారాల్లో ఇవి రాగివి. ఒక్కొక్కటి మిల్లీమీటరుకన్న సన్నం. ఇక లోపలి యంత్రం సంగతి చూడండి. అందులోని చక్రాలన్నీ ఒక ఇత్తడి పలకను ఆధారం చేసుకుని వుంటాయి. ఇంటికి పునాది ఎలాగో గడియారానికి ఈ అడుగు పలక అలాగ. పలకలో ఆ కాళ్ళకు సరిగ్గా సరిపోయే రెండు రంధ్రాలు వుంటాయి. కాళ్ళు రంధ్రాల్లోకి దిగితే డయలు పలక మీద కూర్చుంటుంది.

రెండు కాళ్ళే ఎందుకు? ఒకటి చాలదా? మీ అమ్మమ్మగారి ఇంట్లో తిరగలి వుంటే చూడండి. కిందిరాయికి నడుమ ఒకే ఒక మేకు వుంటుంది. అందుకే పైరాయి హాయిగా గిరగిర తిరుగుతుంది. ఒక మేకు వస్తువును పక్కకు పోనివ్వదు గాని, తిరగకుండా ఆపలేదు. డయలు తిరగలి కాకూడదు కదా! అందుకని రెండో కాలు.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక అట్టముక్కను గుండ్రంగా కత్తిరించండి. బంకమట్టిని చపాతీలాగా ఒత్తి, దాని మీద అట్టబిళ్ళను పెట్టి ఒక గుండుసూది గుచ్చండి. వేలితో తోస్తే బిళ్ళ తిరుగుతుంది. ఇప్పుడు కొంచెం దూరంగా రెండో సూది గుచ్చండి. ఇక తిరగదు, జరగదు. అయితే పైకి లాగండి, సూదులతో సహా వూడి వస్తుంది! అంటే ఏమిటన్నమాట? రెండు కాళ్ళు డయలును పక్కకు జరగకుండా, తిరగకుండా ఆపుతాయి. పైకి లేవకుండా ఆపటానికి మరొకటి కావాలి.

ఇంకొక తమాషా కూడా వుంది. చాలా గడియారాల్లో ఈ రెండు కాళ్ళు డయలు నడిబొడ్డుకు సరిగ్గా ఎదురెదురుగా వుండవు. ఒకటి కొంచెం ఇటుగానో అటుగానో వుంటుంది. అందువల్ల డయలు ఒకే ఒక విధంగా కూర్చుంటుంది. తొందరలో ఎవరైనా పన్నెండును కిందికీ ఆరును పైకీ పెట్టబోయినా కాళ్ళు రంధ్రాల్లోకి దిగవు!

ఇప్పుడు డయలు పైకి లేవకుండా ఆపే సంగతి. మన తలుపుకు గడియ వుంటుంది కదా. తలుపు మూస్తే చాలదు, అడ్డంగా గడియ వెయ్యాలి. గడియారంలోనూ సరిగ్గా అదే ఉపాయం. అడుగు పలక అంచులో, పక్కనుంచి, ఒక్కొక్క కాలి రంధ్రంలోకి చేరేటట్టు ఒక మర వుంటుంది. దాని తల ఆవగింజకన్న పెద్దది కాదు. కాలు రంధ్రంలో దిగిన తరువాత ఈ మరను బిగిస్తే, దాని కొన పోయి కాలిని అడ్డంగా నొక్కిపట్టుకుంటుంది. రెండు కాళ్ళకు రెండు మరలు. గడియ పడ్డట్టే! కొన్ని యంత్రాల్లో ఈ మరల తలకు ఒక పక్క చెక్కివేసి వుంటుంది. అర చుట్టు తిప్పితే కాలిని పట్టుకుంటుంది, మరో అర చుట్టు తిప్పితే వదులుతుంది.

మాటవరసకు చెబుతున్నాను: మన పెద్దలు కాలాన్నీ గడియల్లోనే లెక్కపెట్టేవారు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. 60 గడియలు ఒక రోజు. గడియలు చెప్పేది గడియారం. దాని లోపల కూడా తలుపు గడియలాంటిది వున్నదంటే బాగానే వుంది కదూ!

ఇంత చిన్న మర వదులైతే మునిగిపోయేది ఏముంది, అంటారా? లెక్క వేసి చూద్దాం. డయలు అడ్డుకొలత 30 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టుకొలత సుమారు 94 మిల్లీమీటర్లు అవుతుంది. అందులో 60 నిమిషాలు పట్టాలి గనక ఒక్కొక్క నిమిషానికి వచ్చే చోటు ఒకటిన్నర మిల్లీమీటరు చిల్లర. డయలు అంచు దగ్గర అర మిల్లీమీటరు జరిగితే పెద్ద ముల్లు దాదాపు 20 సెకండ్లు తప్పు చూపిస్తుంది. చిన్న ముల్లు సంగతి మరీ అన్యాయం. పెద్ద ముల్లు ఒక నిమిషంలో 6 డిగ్రీలు తిరిగితే చిన్న ముల్లు అర డిగ్రీయే తిరుగుతుంది. కనక డయలు 6 డిగ్రీలు తిరిగిపోతే పెద్ద ముల్లు చెప్పే తప్పు ఒక్క నిమిషం, చిన్న ముల్లు చెప్పే తప్పు 12 నిమిషాలు! అప్పుడు రెండు ముళ్ళూ రెండు మాటలు చెబుతాయి.

తప్పు టైము చూపించటంతో అయిపోదు. డయలు నడుమనున్న రంధ్రంలోంచి ముళ్ళను మోసే గొట్టాలు పైకి వస్తాయి. డయలు పక్కకు జరిగితే రంధ్రం అంచు వాటిని రాసుకుంటుంది. పాత గడియారాల్లో కొన్నిటికి ఆరు అంకె దగ్గర చిన్న సెకండ్ల డయలు వుంటుంది. దాని ముల్లును మోసే ఇరుసు వెంట్రుకలాంటిది. దానికి రంధ్రం అంచు తగిలితే చాలు, గడియారం ఆగిపోతుంది.

డయలు చేసే పని మరొకటి వుంది. చిన్న ముల్లును తిప్పే గంటల చక్రం సరిగ్గా డయలు కింద వుంటుంది. పెద్ద ముల్లును మోసే గొట్టానికి 12 పళ్ళు వున్నాయనుకోండి. అది 36 పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి అతికి వున్న 10 పళ్ళ చిన్న చక్రం 40 పళ్ళ గంటల చక్రాన్ని తిప్పుతుంది. మూడో వంతులో నాలుగో వంతు, అంటే పన్నెండో వంతు. పెద్ద ముల్లు 12 చుట్లు తిరిగితే చిన్నది ఒక్క చుట్టు! ఈ గంటల చక్రాన్ని పైనుంచి ఏ మరా పట్టుకుని వుండదు. పైకి లేవకుండా ఆపేది డయలే. చాలా గడియారాల్లో ఈ రెండిటి మధ్య పలుచని రేకు వాషరు ఒకటి వేస్తారు. డయలు వదులై పైకి లేస్తే గంటల చక్రం కూడా పైకి లేచి, పళ్ళ పట్టు తప్పుతుంది. అప్పుడు నిమిషాల ముల్లు తిరుగుతూనే వుంటుంది, గంటల ముల్లు మొరాయిస్తుంది.

మీ ఇంటి గడియారాన్ని విప్పకుండానే ఒక పరీక్ష చెయ్యవచ్చు. పెద్దలను అడిగి, ముళ్ళు తిప్పే బొడిపెను లాగి, పన్నెండు దగ్గర రెండు ముళ్ళూ ఒకదానిమీద ఒకటి వచ్చేదాకా మెల్లగా తిప్పండి. రెండూ 12 గీత మీదనే కలిస్తే అంతా సవ్యం. గీతకు పక్కన కలిశాయా, అయితే డయలైనా తిరిగి వుండాలి, చిన్న ముల్లయినా సరిగా కూర్చోలేదై వుండాలి. దోషి ఎవరో తేల్చటానికి ఒక సాక్షి వున్నది. అది ఆ బొడిపే. దాని కడ్డీ అడుగు పలకలోకి దూరి వుంటుంది గనక యంత్రం పెట్టెలో తిరగలేదు. చాలా గడియారాల్లో బొడిపె సరిగ్గా 3 గీతకు ఎదురుగా వుంటుంది. అక్కడే వుంటే డయలు నిర్దోషి. 3 గీత పైకో కిందికో పోయి వుంటే డయలు జరిగిందన్నమాట.

ఇక బాగుచేసే పని గడియారాలు బాగుచేసే ఆయనది. ఆయన పనిచేస్తుంటే చూడండి. కంటికి భూతద్దం పెట్టుకుని వెనకమూత తీస్తారు. బొడిపె కడ్డీని వదులుచేసి లాగి, యంత్రాన్ని డయలుతో సహా పెట్టెలోంచి బయటికి తీస్తారు. డయలు గీరుకుపోకుండా పలుచని అడ్డం పెట్టి ముళ్ళు పైకి తీస్తారు. పక్కమరలు రెండూ వదులు చేస్తారు, పూర్తిగా వూడదియ్యరు. అప్పుడు డయలును నిట్టనిలువుగా పైకి లేపుతారు. ఒక పక్కనుంచి ఎత్తితే రెండో పక్క కాలు వంగుతుంది. ఇనపతీగను నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మీకు తెలుసు కదా. కాలూ అంతే, పుటుక్కున విరుగుతుంది.

విరిగిన కాలును మళ్ళీ టంకంతో అతికించవచ్చు గాని, అందులో పెద్ద చిక్కు వుంది. కొత్త డయలుకు కాళ్ళు ముందు అతికించి, రంగులూ అంకెలూ తరువాత వేస్తారు. ఇప్పుడు వెనకనుంచి వేడి పెడితే ముందున్న రంగు పొంగిపోతుంది. మరి పింగాణీ పూత డయళ్ళు చెయ్యటంలో రాగిబిళ్ళను కాళ్ళతో సహా సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పెడతారు. రాగి 1085 డిగ్రీలకు గాని కరగదు గనక కాళ్ళు తట్టుకుంటాయి. గాజులాంటి ఆ పూత ఎండకు రంగు మారదు, కాని కాలు కాస్త మెలిపడితే చాలు, వెంట్రుక గీతలాగా పగులుతుంది.

కొందరు విరిగిన కాలికి బదులు బంక పోస్తారు. అది మాత్రం చెయ్యకూడదు. బంక పాకి పళ్ళలోకి దిగితే చక్రాలే అతుక్కుపోతాయి. పోనీ దిగలేదనుకున్నా, మరోసారి యంత్రానికి నూనె వెయ్యాలంటే డయలు వూడి రాదు. తప్పనప్పుడు కొందరు రెండువైపులా అంటుకునే పలుచని బిళ్ళలు వాడతారు. తేదీ చూపించే గడియారంలో ఆ ఉపాయం కూడా జాగ్రత్తగా వాడాలి. తేదీల చక్రం డయలు కిందనే తిరుగుతూ వుంటుంది మరి!

బెంగుళూరులో 1961లో ప్రభుత్వ సంస్థ హిందూస్తాన్ మెషీన్ టూల్స్, జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో చేతిగడియారాల తయారీ మొదలుపెట్టింది. కీ ఇస్తే నడిచే ఆ గడియారాలు లక్షల ఇళ్ళకు చేరాయి. ఆ గడియారాల కంపెనీని మూసివెయ్యాలని 2016లో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. కాని తాతగారి పెట్టెలో అలాంటి గడియారం ఒకటి ఇప్పటికీ వుండవచ్చు. అది ఆగిపోయిందని పారెయ్యకండి. చాకుతో మూత తెరవకండి, చెవి దగ్గర పెట్టి ఆడించకండి. పనివాడి చేతికి ఇచ్చి, "డయలు మరలు బిగువుగా వున్నాయా, చూడండి" అని అడగండి. ఒక్కొక్కసారి పాతిక చుట్టు మర బిగిస్తే చాలు, యాభై ఏళ్ళ గడియారం మళ్ళీ టిక్కుటిక్కుమంటుంది.

చివరికి మీకొక లెక్క. రెండు ముళ్ళూ ఇప్పుడు 12 మీద కలిసి వున్నాయి. మళ్ళీ 12 మీద కలిసేలోగా, ఆ చివరి కలయికతో సహా, అవి మొత్తం ఎన్నిసార్లు కలుస్తాయి? పన్నెండు అని తొందరపడకండి సుమా! అట్ట మీద గడియారం గీసి, రెండు పుల్లలు పెట్టి తిప్పి చూసి చెప్పండి.