సేవ అందించకుండా జరిమానానా?

సిగ్నల్ అందక పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ వదులుకుంటే, చివరి బిల్లులో ‘ముందస్తు రద్దు రుసుము’ అని ఓ పద్దు ప్రత్యక్షమవుతుంది. ఇదేమిటని అడిగితే, సంతకం పెట్టారుగా అంటారు. సేవ సరిగా అందించని కంపెనీయే జరిమానా వేయడం దారుణం. రాయితీపై ఫోన్ ఇచ్చి ఉంటే ఆ బాకీ అడగవచ్చు, అది వేరే సంగతి. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయ ఒప్పందాల కిందే లెక్కగడుతోంది. టెలికాం వివాదాలనూ వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చిచెప్పింది. కనుక బెదిరిపోయి కట్టేయకండి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు రాసి ఉంచుకోండి. దారికి రాకపోతే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.