అండమాన్ ఇళ్ల లెక్క: ఆడిట్‌కు అందనిది ఎంత?

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత అండమాన్ నికోబార్ దీవులలో సుమారు 9,800 శాశ్వత గృహాల నిర్మాణాన్ని కేంద్ర ప్రభుత్వం చేపట్టింది. అందులో దాదాపు ఏడు వేలు నికోబార్ దీవులకు ఉద్దేశించినవే. అవి సిద్ధమయ్యే వరకు బాధిత కుటుంబాలు రేకుల షెడ్లలో, ఎండకు వేడెక్కి వానకు హోరెత్తే గదులలో, ఏళ్ల తరబడి గడిపాయి. నిర్మాణ సామగ్రి ప్రధాన భూభాగం నుంచి ఓడలలో వచ్చింది.

సునామీ సహాయ, పునరావాస చర్యలపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2006లోనే నివేదిక సమర్పించింది. అప్పటికి శాశ్వత గృహాలలో ఎవరూ కాపురం పెట్టలేదు. అంటే ఖర్చు, జాప్యం, కొనుగోళ్ల మీద ప్రశ్నలు వేయగలిగిన ఆడిట్‌కు అసలు ప్రశ్న వేసే అవకాశమే అప్పుడు లేదు. కట్టిన ఇల్లు, అందులో ఉండవలసిన మనుషులకు సరిపోయిందా?

నికోబారీల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. అక్కడ ఆస్తికి, శ్రమకు, భోజనానికి ఆధారం ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబం. కొబ్బరి తోటలు, పందులు, పెద్ద ఇల్లు అన్నీ దానివే. పునరావాస యంత్రాంగం మాత్రం భార్యాభర్తలు, పిల్లలు ఉన్న చిన్న కుటుంబాన్నే లెక్కలోకి తీసుకుంది. పరిహారం చెక్కులు, ఇళ్ల కేటాయింపు ఆ లెక్కనే జరిగాయి. మానవ శాస్త్రవేత్తలు దీన్ని అప్పట్లోనే ఎత్తిచూపారు. కానీ ‘మంజూరైనవి, పూర్తయినవి, అప్పగించినవి’ అనే మూడు గడుల పట్టికలో ఒక తుహెత్ చీలిపోయిందన్న విషయం ఏ గడిలోనూ ఇమడదు.

పర్యవేక్షణ వ్యవస్థ ఈ దీవులలో మరింత పలుచన. ఇక్కడ శాసనసభ లేదు. రాష్ట్రాలపై కాగ్ నివేదికలను ఆయా శాసనసభల ముందు ఉంచుతారు. అండమాన్‌కు సంబంధించినవి పార్లమెంటుకే వెళతాయి. అక్కడ ఈ దీవులకు ఉన్న లోక్‌సభ సభ్యుడు ఒక్కరే. పార్లమెంటరీ ప్రజా పద్దుల కమిటీ ఎంపిక చేసుకున్న అంశాలనే లోతుగా పరిశీలిస్తుంది. మిగతావాటిపై మంత్రిత్వ శాఖలు నాలుగు నెలలలో చర్యల నివేదిక ఇవ్వాలన్నది నియమం. కార్ నికోబార్‌లోని ఒక గోడ పగులు ఆ దారిలో ఢిల్లీ చేరేసరికి ఎన్ని బల్లలు దాటాలో ఊహించుకోవచ్చు.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ పర్యవేక్షణను ఫొటోల వైపు మళ్లించింది. పునాది, గోడలు, పైకప్పు దశలను జియో ట్యాగింగ్‌తో నమోదు చేసి వాయిదాలు విడుదల చేస్తారు. కాగితాల మీది ఇళ్లను అరికట్టడానికి ఇది ఉపయోగపడే పద్ధతే. అయితే మైదాన ప్రాంతాలలో రూ. 1.20 లక్షలు, కొండ, దుర్గమ ప్రాంతాలలో రూ. 1.30 లక్షలుగా నిర్ణయించిన సాయం, సిమెంటు కూడా ఓడెక్కి రావలసిన చోట ఎంతవరకు సరిపోతుందో ఫొటో చెప్పదు. తీరాల నుంచి ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించడంతో ఇసుక కూడా తేలిగ్గా దొరికే సరుకు కాదు. పర్యావరణపరంగా ఆ ఆదేశం అవసరమే. దాని ధర మాత్రం ఇల్లు కట్టుకునేవారిపై పడుతుంది.

ఇదే పథకం నియమావళి ప్రతి గ్రామ పంచాయతీలో ఏడాదికి ఒకసారైనా సామాజిక తనిఖీ జరగాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనుల తనిఖీకి 2009లో ప్రత్యేక స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేసింది. ఊరివాళ్లే రికార్డులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లడం, తేలిన విషయాలను మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే చదవడం అక్కడ ఏళ్లుగా సాగింది. 2011 జనగణన ప్రకారం అండమాన్ జనాభాలో 13 శాతానికి పైగా తెలుగువారే. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రవి. సొంత ఊరి ప్రజావేదిక వారికి కొత్త మాట కాదు.

నికోబారీ గ్రామాలలో పంచాయతీలు లేవు. అక్కడ ఉన్నవి గిరిజన మండళ్లు. గ్రామసభను ఆధారం చేసుకున్న తనిఖీ అక్కడ ఎవరి ఎదుట జరగాలి? మండలి పెద్దలకు ఆ అధికారాన్ని స్పష్టంగా అప్పగించడం, నివేదికను నికోబారీ భాషలో చదివి వినిపించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. ఆడిట్ బృందం కూడా ఇల్లు అప్పగించిన అయిదారేళ్లకు మరోసారి వెళ్లాలి. తుప్పు, చెదలు, ఖాళీ గదులు బయటపడేది అప్పుడే.

గ్రేట్ నికోబార్‌లో ఈ లోటు ఇప్పుడు సూటిగా కనిపిస్తోంది. నాటి భూకంపానికి ఆ దీవి దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరప్రాంత నికోబారీలను క్యాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్‌లకు తరలించారు. పాత ఊళ్లకు తిరిగి వెళ్లాలని వారు ఏళ్లుగా కోరుతున్నారు. భారీ ఓడరేవు, టౌన్‌షిప్ ప్రాజెక్టుకు ఇచ్చిన అంగీకారాన్ని అక్కడి గిరిజన మండలి 2022 నవంబరులో ఉపసంహరించుకుంది. పూర్వీకుల భూములు కూడా ప్రాజెక్టు పరిధిలోకి వస్తాయన్న సంగతి తమకు ముందుగా తెలియజేయలేదన్నది వారి అభ్యంతరం. పునరావాస పద్దులో ఆ కుటుంబాలన్నీ ఇల్లు అందుకున్నవారే.